కరడి మారప్ప మట్టి

శుక్రవారం సాయంత్రం రత్న బడి నుంచి ఇంటికి వచ్చేసరికి, ఆమె భర్త కంప్యూటర్ తెర మీద నిలబడి ఊపిరి పీలుస్తున్నాడు.

బొటనవేలంత మనిషి. రంగు చుక్కలు పేర్చి చేసిన బొమ్మ. నల్ల చెడ్డీ, వెడల్పాటి ఛాతీ, మోకాళ్లు కొంచెం వంచి నిలబడిన తీరు. ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది. మారప్ప పోయి ఎనిమిది నెలలయింది. రత్న చేతిసంచి కింద పెట్టడం మరిచిపోయింది.

"ఎట్లుండాడు మా?" అంది కూతురు ఉష, కుర్చీలోంచి తల తిప్పకుండా.

"చెవి ఎట్ల గీసినావు?"

"కుడి చెవికి రెండు చుక్కలు ఎక్కువ పెట్టినా. అంతే."

మారప్ప కుడి చెవి కుస్తీల్లో నలిగి నలిగి, ఉడికించిన శెనక్కాయలా ముడుచుకుపోయి ఉండేది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ చెవి పక్కన పడుకున్న మనిషి రత్న. రెండు చుక్కలతో అది అట్లాగే వచ్చింది. ఆమె వంటింట్లోకి వెళ్లి, చెంబుడు నీళ్లు నిదానంగా తాగి, మళ్లీ వచ్చి కూర్చుంది.

ఉష బెంగళూరులో ఒక చిన్న కంపెనీకి వీడియో గేములు గీస్తుంది. తండ్రి పోయినప్పటి నుంచి సొంతూరు పావగడలోనే ఉండి పని చేస్తోంది. ఇప్పుడు చేస్తున్నది పాతకాలం తరహా కుస్తీ ఆట. అందులో ఎనిమిది మంది మల్లులు. ఎనిమిది మందినీ ఎక్కడో ఒకచోట టికెట్టు పెట్టి నిజంగా కుస్తీ ఆడిన మనుషులను చూసే గీయాలని వాళ్ల పట్టుదల. పాత ఆటలు చాలావరకు అట్లాగే పుట్టాయని ఉష చెప్పింది. ఏ దేశంలోనో ఒక మల్లుడికి పెద్ద మీసం ఉంటే ఆ మీసాన్ని, ముసుగు ఉంటే ముసుగును, ఎదుటివాణ్ణి వాటేసి నలిపే పట్టు ఉంటే ఆ పట్టును తీసుకుని బొమ్మలు చేశారట.

ఆ ముక్క పావగడ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉష చిన్నప్పుడు బస్టాండు వెనక ఒక వీడియో గేముల అంగడి ఉండేది. అక్కడి ఒక ఆటలో ఒళ్లంతా వెంట్రుకలున్న లావుపాటి మల్లుడు వచ్చేవాడు. ఊళ్లో పిల్లలందరూ వాణ్ణి మారప్ప అనే పిలిచేవాళ్లు. ఆట అయిపోగానే, అప్పటికి కుస్తీ మానేసి బస్టాండు పక్కనే సైకిల్ షాపు పెట్టుకున్న మారప్ప దగ్గరికి పరిగెత్తేవాళ్లు.

"మారప్పన్నా, అది నువ్వే కదా?"

"నేనే లేప్పా. నన్ను అడక్కుండా పెట్టేసినారు. ఆ చైను ఇట్ల ఇయ్యి."

ఏడో తరగతి దాకా ఉష నమ్మింది. తర్వాత అది ఎవరో పరదేశపు మల్లుణ్ణి చూసి గీసిందని తెలిసి రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. ఇప్పుడు నిజంగానే పెట్టింది. తెర మీద పేరు కూడా ఉంది. 'పావగడ కరడి మారప్ప.' కన్నడంలో కరడి అంటే ఎలుగుబంటి. ఆ కాలపు పోస్టర్ల మీద ఆయన పేరు అదే.

"ఇప్పుడు వీడి దెబ్బ చూడు" అని ఉష ఒక మీట నొక్కింది.

బొమ్మ వంగింది. నేల మీది మట్టి పిడికిట తీసి ఎదుటివాడి ముఖాన కొట్టింది. వాడు కళ్లు పట్టుకుని తూలాడు. మారప్ప వాణ్ణి ఎత్తి నేలకేసి కొట్టాడు. తెర ఎర్రగా మెరిసింది.

"వీడే మా ఆటలో విలన్ మా. ఆడి చూసినోళ్లందరికీ ఈ దెబ్బంటేనే ఇష్టం."

రత్న తెర వైపు వంగింది. "ఇట్ల చేసినాడని నీకెవరు చెప్పినారు?"

"ఫోటోలో ఉండాది కదా."

పెట్టెలో దొరికిన ఫోటో అది. మారప్ప కుస్తీ ఫోటో అదొక్కటే మిగిలింది. నలుపు తెలుపు. మారప్ప చెయ్యి చాచి ఉన్నాడు, మట్టి చేటలో చెరిగినట్టు గాలిలో విచ్చుకుని ఉంది, ఎదుటివాడు ముఖం పక్కకు తిప్పి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నడుము కింది భాగమంతా చెదలు తినేశాయి.

మీ నాయన అట్లాంటివాడు కాదు అనే మాట రత్న నాలుక మీదికి వచ్చింది. ఆమె దాన్ని బయటికి రానివ్వలేదు. చూసింది చూసినట్టు రాయండి, విన్నది విన్నట్టు రాయండి, రెండూ కలపొద్దండి అని బడిలో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన మనిషి ఆమె. పెళ్లినాటికే మారప్ప కుస్తీ మానేశాడు. ఆమె ఒక్క ఆట కూడా చూడలేదు. ఆయన అట్లా చేసి ఉండకూడదని ఆమెకు మరీ గట్టిగా ఉంది, అందుకే ఆ మాట మీద ఆమెకు నమ్మకం కలగలేదు.

"దీన్ని మార్చాలంటే ఎప్పటిలోపల మార్చాల?"

"సోమవారం పొద్దున పది గంటలకు మార్పులు ఆపేస్తారు. ఆ తర్వాత ఏమీ మార్చేకి కాదు. ఎందుకు మా?"

"ఈ కండ్లు మూసుకున్నాయన రాయచెర్లు పెద్దతిమ్మప్ప. రేపు ఒంటిపూట బడి. మధ్యాహ్నం పోయి అడుగుదాం. చేసినాడంటే ఇట్లే ఉంచు, నేను అడ్డం రాను. చెయ్యలేదంటే మాత్రం ఇది తీసెయ్యాల."

"యశ్ ఒప్పుకోడు" అంది ఉష, తన పై అధికారిని తలుచుకుని.

"యశ్ సంగతి తర్వాత."

*

రాయచెర్లు దారిలో షేర్ ఆటో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డుకు రెండు పక్కలా సోలార్ పలకలు, కంచె, మళ్లీ పలకలు. కంచె పక్కన గొర్రెలు మేపుకుంటూ పెద్దతిమ్మప్ప కనిపించాడు. డెబ్బై రెండేళ్లుంటాయి. వీపు ఇంకా తలుపు చెక్కలా ఉంది.

"ఏం రత్నమ్మా, ఇంత ఎండలో వచ్చినారు! పొట్టేలేమన్నా కావాల్నా?"

"పొట్టేలు వద్దు బావా. ఒక బొమ్మ చూసి చెప్పాల నువ్వు."

ఉష లాప్‌టాప్ తెరిచింది. ఎండకు తెర మీద వాళ్ల ముఖాలే తప్ప ఏమీ కనబడలేదు. పెద్దతిమ్మప్ప భుజం మీది కంబళి తీసి ముగ్గురి తలల మీదా కప్పాడు. గొర్రె వాసన, చీకటి, ఆ చీకట్లో బొటనవేలంత మారప్ప.

"ఓరి నీ! చెవి చూడు, వాని చెవే!" అని ముసలాయన నవ్వాడు. ఉష మీట నొక్కింది. మట్టి లేచింది. నవ్వు ఆగింది.

"ఇంగోసారి."

ఉష మళ్లీ నొక్కింది.

"ఇంగోసారి."

మూడోసారి అయ్యాక ఆయన కంబళి లాగేశాడు. వెలుతురుకు ముగ్గురూ కళ్లు చికిలించారు.

"ఎవురు గీసింది ఇది?"

"నేనే పెదనాయనా."

"మీ నాయన బతికుంటే నీ చెవి గూడా అట్లే చేసుండేవాడు. మొగంలో మట్టి కొడ్తాడా వాడు? కుస్తీ పట్టేవాడా, దొంగా?"

"ఫోటోలో నువ్వు కండ్లు మూసుకోనుండావు కదా" అంది ఉష. ఆమె గొంతు చిన్నదైపోయింది.

"మట్టి వస్తాంటే ఎవుడైనా కండ్లు మూస్తాడు. నా చేతులు యాడుండాయి ఫోటోలో?"

"చెదలు తినేసినాయి."

పెద్దతిమ్మప్ప తన రెండు అరచేతులూ కలిపి, పొట్ట ముందు దోసిలిగా పట్టి చూపించాడు. "ఈడుండాయి. వాడు మట్టి పోసింది దీంట్లోకి."

అప్పుడు చెప్పాడు. రాయచెర్లు గరిడీలో, అంటే ఆ ఊరి కుస్తీ గుంతలో, ఒక కట్టుబాటు ఉండేది. చెమటకు ఎదుటివాడి చెయ్యి జారి పట్టు తప్పితే, అది తప్పించుకున్నవాడి గొప్ప కాదు. వాడు ఆగాలి. వంగి గుంతలోని మట్టి తీసి ఎదుటివాడి అరచేతుల్లో పోయాలి. చేతులు ఆరాక మళ్లీ పట్టుకోనివ్వాలి.

"'ఇప్పుడు పట్టు' అని నోటితో అనాల. అనకుంటే మా గురువు చింతబర్రతో కొట్టేవాడు" అన్నాడు ముసలాయన. "ఈ కట్టు మా గుంతలోనే. వేరే ఊరోళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు, వీళ్లకు గెలిచేది తెల్దని."

రత్న విన్నది విన్నట్టు మనసులో రాసుకుంది. అయినా అడగాల్సింది ఇంకా ఉంది. "ఆ ఫోటో తీసిన పొద్దు ఎవరు గెలిచినారు బావా?"

"నేనే. అది ముందే అనుకున్నది కదా."

"అంటే?"

ముసలాయన ఆమె ముఖం చూసి, తెలియదని గ్రహించాడు. గొర్రెల వైపు తిరిగాడు. "చెప్పలేదా వాడు నీకు? టికెట్టు పెట్టి ఆడించే కుస్తీలు కంట్రాక్టరువి రత్నమ్మా. ఈ ఊర్లో నువ్వు గెలువు, ఆ ఊర్లో వాడు గెలుస్తాడు అని ముందే చెప్తాడు. జనానికి ఆట, మాకు కూడు. దెబ్బలు నిజం, చెవులు నిజం. గెలుపు మాత్రం కంట్రాక్టరుది."

ఇంట్లో గోడ అరలో మారప్ప హిందూపురం కుస్తీల్లో గెలిచిన కప్పు ఉంది. ఎనిమిది నెలలుగా రత్న ప్రతి ఆదివారం దాన్ని తుడుస్తోంది. ఇప్పుడు ఆమెకు ఆ కప్పు కనబడింది, దాని గురించి అడిగినప్పుడల్లా మాట దాటేసి నవ్విన మారప్ప కనబడ్డాడు. ఆమె కొంగు సర్దుకుంది. "చెప్పలేదు" అంది.

"సిగ్గు పడినాడేమో. విను. ఆ పొద్దు చళ్లకెరె జాతరలో నేను గెలవాల, వాడు ఓడాల. నా చెయ్యి జారింది. జారితే ఏమి? ఎట్లున్నా గెలిచేది నేనే. వాడు గమ్మున మళ్లీ వచ్చి నా చేతికి చిక్కితే సరిపోతాది. కానీ వాడు ఆగినాడు. వంగినాడు. జనం ఈలలేసినారు, 'ఏం కరడీ, భయమా?' అని. కంట్రాక్టరు పక్కనుంచి కోపంతో పండ్లు కొరుకుతాండాడు. వాడు నిదానంగా మట్టి తీసి నా చేతుల్లో పోసి, 'ఇప్పుడు పట్టు తిమ్మన్నా' అన్నాడు. ఆ ఆట మొత్తంలో కంట్రాక్టరు చెప్పనిది అదొక్కటే."

 ఒక గొర్రె కంచె తీగను నాకుతోంది.

"మొన్న మీ ఆయనను పూడ్చేటప్పుడు గుంతలో అందరూ మట్టేసినారు కదా" అన్నాడు పెద్దతిమ్మప్ప, వాళ్లను చూడకుండా. "నేను చేతుల మీదే పోసినా."

రత్న తల ఊపింది. కూతురి వైపు తిరిగింది. "ఉషా, అది ఎట్ల పోసేదో చూపిస్తే గీయగలవా?"

"వీడియో తీసుకుంటే చాలు. కానీ సరిగ్గా ఉండాల, చెయ్యి ఎట్ల తిరుగుతాదో అట్లే."

"నా కుడి చెయ్యి లేయదు పాపా" అన్నాడు ముసలాయన. "భుజం పట్టేసి నాలుగేండ్లయింది. పోయించుకునేది చూపిస్తా గానీ, పోసేది నాతో కాదు."

"నేను పోస్తా" అంది రత్న.

పాత గరిడీ గుంత కంచె లోపల, పలకల వరసల మధ్యలో పడింది. పలకలు కడిగే పనిలో ఉన్న గిరీశ్, ఒకప్పుడు రత్న దగ్గర చదివినవాడు, వాళ్లను చూసి కంచె దగ్గరికి వచ్చాడు.

"మట్టా? మేడం, పొద్దున్నుంచి మట్టి కడగలేక చస్తాంటే, మీరు మట్టి కావాలంటారేంది?"

"ఆ గుంత ఉన్న చోటిదే కావాల గిరీశ్. ఒక బక్కెట్టు చాలు."

వాడు సూపర్‌వైజరుకు ఫోన్ చేసి అడిగి, బకెట్‌తో మట్టి తెచ్చి కంచె మీంచి అందించాడు. ఎర్రమట్టి, మెత్తనిది. ఒకప్పుడు జల్లెడ పట్టి, శెనక్కాయ నూనె, పసుపు కలిపి పదును చేసిన మట్టి అది. ఇప్పుడు నూనె వాసన లేదు.

పెద్దతిమ్మప్ప బకెట్ వైపు చూసి గొణిగాడు. "ఆ కాలంలో ఆడోళ్లు ఈ మట్టి ముట్టేది లేదు." మళ్లీ తానే అన్నాడు: "ఇప్పుడు మగోళ్లు గూడా ముట్టేది లేదు లే. కానియ్యి."

రత్న కొంగు నడుముకు చుట్టి బిగించింది. వంగి మట్టి తీసి ముసలాయన దోసిలి వైపు వేసింది.

"కోళ్లకు గింజలేసినట్ల ఉండాది."

రెండోసారి మట్టి ఆయన గడ్డానికి తగిలింది.

"ఇదో, ఇది మీ కూతురు గీసింది!"

ఉష ఫోన్ పట్టుకునే నవ్వు ఆపుకుంది. ముసలాయన ఓపిగ్గా చెప్పాడు. మోచెయ్యి పక్కటెముకను విడవకూడదు. మణికట్టు తిరగాలి. చిటికెనవేలు ముందు విప్పాలి, బొటనవేలు చివర విప్పాలి. విసరకూడదు, పొయ్యకూడదు, రెంటికీ నడుమ. ప్రతిసారీ మట్టి లేవగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. రత్నకు నడుము నొప్పి పుట్టింది. నుదుటి చెమట కళ్లలోకి దిగింది. "చాల్లే మా, దీంతో సర్దుకుంటా" అంది ఉష.

"సరిగ్గా రాలేదు" అని రత్న మళ్లీ వంగింది.

పదకొండోసారో, పన్నెండోసారో. మట్టి చిన్న తెరలా విచ్చుకుని, ముసలాయన దోసిట్లో కుదురుగా పడింది. ఆయన కళ్లు తెరిచి చేతులు చూసుకున్నాడు.

"మాట అనాల" అన్నాడు.

"ఇప్పుడు పట్టు" అంది రత్న.

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పొడి మట్టి, గరుకు చెయ్యి. ఎనిమిది నెలలుగా అందరూ ఆమెను మెత్తగా ముట్టుకున్నారు, పగిలిపోతుందేమో అన్నట్టు. ఇంత గట్టిగా ఎవరూ పట్టుకోలేదు. ఆమె తన చెయ్యి లాగి చూసింది. రాలేదు.

"వచ్చిందా ఉషా?"

"వచ్చింది మా."

*

ఆదివారం పొద్దున ఉష ఫోన్లో అంతా చెప్పాక, ఆమె పై అధికారి యశ్ గట్టిగా నిట్టూర్చాడు.

"ఉషా, ఎదుటోనికే సహాయం చేసే మల్లుడా? ఆ బటన్ ఎవుడన్నా నొక్కుతాడా చెప్పు."

"బటన్ లేదు. ఎదుటోని చెయ్యి జారితే ఆయనే ఆగి పోస్తాడు. మనం ఆపేకి కాదు."

"అయితే ఓడిపోతాడు!"

"ఓడిపోనీ."

"విలన్ లేకుంటే ఆట ఎట్ల? ఇది ఉత్త గేమ్. నిజమా కాదా అని అడిగేవాళ్లెవరు?"

రత్న చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. తనెవరో చెప్పింది. తర్వాత, తరగతిలో పాఠం చెప్పినట్టు కాకుండా, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పింది. "ఆయన కుస్తీ నేను చూడలేదప్పా. చూసిన మనిషిని అడిగినా. ఆటలన్నీ ముందే రాసిపెట్టినవి అన్నాడు. అది దాచను, కావాలంటే అది గూడా పెట్టండి. మట్టి మాత్రం చేతుల్లో పోసినాడు అన్నాడు. పోయించుకున్నాయన ఆయనే. నువ్వు సోమవారం ఆడి చూడు. నచ్చకుంటే నీ ఇష్టం, పాతదే ఉంచుకో. కానీ పేరు తీసెయ్యాల."

"పేరు తీసేస్తే సరేనా మేడం?"

"పేరు తియ్యాల. చెవి గూడా తియ్యాల."

 "రేపు పదింటిలోపల పంపించమనండి" అన్నాడు యశ్.

ఆ రోజంతా ఉష కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. పక్కనే రత్న పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంది. మధ్యమధ్య ఉష పిలిచేది. "మోచెయ్యి చూడు మా." రత్న ఎర్ర పెన్ను మూత పెట్టి, దగ్గరికి జరిగి చూసేది. "పక్కటెముకకు ఆనలేదు." ఉష ఒక చుక్క జరిపేది. "ఇప్పుడు?" "ఇంగా కొంచెం." సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బొమ్మ చెయ్యి రత్న చెయ్యి తిరిగినట్టే తిరిగింది. అది ఎవరి చెయ్యో ఆ ఆట ఆడేవాళ్లెవరికీ తెలియదు.

రత్న గోడ అర దగ్గరికి వెళ్లింది. ఆదివారం కదా. హిందూపురం కప్పు తీసి, ఎప్పటిలాగే తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

సోమవారం పదకొండున్నరకు, పిల్లలు బయటికి వెళ్లిన చిన్న విరామంలో ఫోన్ మోగింది.

"ఉంచినారు మా! పేరు, చెవి, అన్నీ."

"ఏమన్నాడు?"

"ఎదుటోని పక్క ఆడినాడంట. చెయ్యి జారింది. నాయన మట్టి పోసినాడు. యశ్ పట్టి గెలిచినాడు. గెలిచినాక బాగనిపించలేదంట. ఇంగోసారి ఆడి, ఇంగోసారి ఆడి, తొమ్మిదిసార్లు ఆడినాడంట. విలన్‌గా ఇంగొకణ్ణి చూసుకుంటా అన్నాడు."

"సరే" అంది రత్న. "గంట కొడ్తాండారు. సాయంత్రం మాట్లాడదాం."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె సంచి కింద పెట్టి, కాళ్లు కడుక్కుని, ఉష పక్కకు ఇంకో కుర్చీ లాక్కుంది.

"నేనూ ఆడతా."

ఉష ఆశ్చర్యపోయింది. "నువ్వా! సరే, నాయనను నువ్వు తీసుకో."

"వద్దు. నాయన నీ పక్క ఉండనీ. నేను ఎదుటి పక్క."

ఆట మొదలయింది. రత్నకు మీటలు తెలియవు. ఆమె బొమ్మ ఊరికే అటూ ఇటూ నడిచింది, ఒకసారి ఎగిరింది, ఒకసారి తనంతట తానే కిందపడింది. ఎట్లాగో మారప్ప నడుము పట్టుకుంది. చెయ్యి జారింది.

మారప్ప ఆగాడు. ఛాతీ ఒకసారి లేచి దిగింది. వంగి మట్టి తీశాడు. మోచెయ్యి పక్కటెముకకు ఆనింది, మణికట్టు తిరిగింది, చిటికెనవేలు ముందు విప్పుకుంది. ఎర్ర చుక్కలు తెర మీద విచ్చుకుని ఆమె వైపు వచ్చాయి.

రత్న కళ్లు మూయలేదు.

"ఉషా" అంది తెర మీంచి చూపు తిప్పకుండా, "పట్టేకి ఏ బటను?"